ఇస్త్రీ చేసిన సాక్ష్యం

లాయరమ్మను పోయినవారం లాండ్రీ గుమ్మంలో గొడుగు మడుస్తుండగా వదిలేశాం. ఏడు రోజులపాటు ఒక మనిషిని గుమ్మంలో నిలబెట్టడం మర్యాద కాదు, అందులోనూ ఫీజు అడగకుండా వచ్చిన మనిషిని. లోపలికి రమ్మందాం. ఆమె కుర్చీ వెతుక్కునేలోగా, ఈ కథలోకి ఇవాళే వచ్చినవాళ్ళకు రెండు ముక్కలు.

సోమవారం సాయంత్రం ఆరు గంటలకు, ఈ లాండ్రీలోంచే, వీధి వీధంతా చూస్తుండగా, ఈ ఇంటి ఒక్కగానొక్క కొడుకును పోలీసులు జీపెక్కించారు. వయసు ముప్ఫై నాలుగు, ఎత్తు ఆరడుగులు, ఇంట్లో పిలుపు పండు. ఇంజనీరుగారి ఇంట్లో ఉతికిన బట్టలు ఇచ్చి వచ్చిన రోజునే ఆ ఇంట్లో గాజుల జత కనబడకుండా పోయింది. ఇంట్లోకి వచ్చిపోయేవాళ్ళు పదిమంది ఉన్నా, పేరు చెప్పడానికి వీలుగా దొరికినవాడు పండు. ఎందుకు తీసుకెళుతున్నారో ఒక్కరూ చెప్పలేదు. తండ్రి అడిగితే "ఊరికే, మాట్లాడి పంపిస్తాం" అన్నారు. ఆ మాట్లాడటం ఇంకా పూర్తి కాలేదు.

తల్లి పూటపూటకూ క్యారియరు పట్టుకుని స్టేషనుకు వెళ్ళొస్తోంది. తండ్రి "లాయరు దగ్గరికి పోతే తప్పు ఒప్పుకున్నట్టే" అని ఇస్త్రీ బల్ల వదలడం లేదు. కోడలు మాత్రం కూరలకని బయల్దేరి, కోర్టు ఆవరణలో ఉచిత న్యాయసహాయం అని బోర్డున్న గదిలో ఈ లాయరమ్మను పట్టుకుంది. ఖాళీ సంచితో తిరిగొచ్చిన కోడల్ని ఆ రోజు ఎవరూ ఏమీ అడగలేదు. ఆ ఇంట్లో అప్పటికి వంట చేసేవాళ్ళే గానీ తినేవాళ్ళు లేరు.

ఇప్పుడు బుధవారం, మధ్యాహ్నం నాలుగు. రేపు ఉదయం పండును మేజిస్ట్రేటు ముందుకు తెస్తారు. ఆయన పండును ఇంటికి పంపుతాడా, ఇంకో వారం అదే స్టేషనుకు అప్పజెబుతాడా అన్నదొక్కటే ప్రశ్న.

లాయరమ్మ కూర్చుంది. యాభై దాటిన మనిషి, మోచేతుల దగ్గర వెలిసిపోయిన నల్లకోటు. అత్తగారి చూపు ముందు ఆ కోటు మీదకే వెళ్ళింది. కొడుకు జైలు గుమ్మంలో ఉన్నా సరే, వృత్తి వృత్తే.

"సోమవారం తరవాత మీలో ఎవరైనా ఆయన్ని కళ్ళతో చూశారా?" అడిగింది లాయరమ్మ.

"నన్ను లోపలికి రానివ్వలేదమ్మా," అంది అత్తగారు. "క్యారియరు గుమ్మంలోనే తీసేసుకుంటారు. నిన్న మధ్యాహ్నం మాత్రం వేరే చొక్కా కావాలన్నారు. నీలంది ఇచ్చొచ్చాను. ఒంటి మీదది సంచిలో పెట్టి ఇచ్చారు."

లాయరమ్మ పెన్ను ఆగింది. "ఒంటి మీదదానికి ఏమైందట?"

"బాత్రూములో కాలు జారి పడ్డాడట. భుజం దగ్గర చిరిగింది. కాస్త... రక్తం కూడా."

"ఆ చొక్కా ఉందా?"

ఆ ప్రశ్నలో ఉన్న ఆత్రం కోడలికి అర్థమైంది. మూడు రోజులుగా ఆమె వింటున్న గొంతుల్లో మొదటిసారి ఒక ఆశ వినబడింది. "ఉందండీ, ఉంది," అని తనే లేవబోయింది. కానీ అత్తగారు అప్పటికే అల్మారా తెరిచేసింది.

తెల్లచొక్కా వచ్చింది. పల్చటి కాగితంలో చుట్టి, కాలరు నిలబడేలా లోపల అట్టముక్క పెట్టి, గుండీలన్నీ పెట్టి, పెళ్ళికొడుక్కి పంపించాల్సిన చొక్కాలా వచ్చింది. అత్తగారు దాన్ని బల్ల మీద పెట్టి, చేత్తో ఒకసారి నిమిరి, "చూడండి లాయరమ్మగారూ, ఎక్కడైనా తెలుస్తోందేమో," అంది. "భుజం దగ్గర లోపలి మడతలోంచి పోగులు తీసి అల్లేశాను. నాకే వెతుక్కుంటే గానీ కనబడదు. రేపు కోర్టుకి ఇదే పంపిద్దామని. చిరుగుబట్టలతో నిలబడితే మేజిస్ట్రేటుగారు దొంగనుకోరూ?"

లాయరమ్మ చొక్కా విప్పి కిటికీ వైపు ఎత్తి చూసింది. తిప్పి చూసింది. కాలరు లోపల చూసింది. ఈ ఊళ్ళో ముప్ఫై ఏళ్ళుగా సిరా, గ్రీసు, పసుపు, పెళ్ళివిందుల తాలూకు సమస్తం వదిలించిన చెయ్యి అత్తగారిది. ఆ చెయ్యి ఏ పనీ సగంలో వదలదు. చొక్కా మీద ఏమీ లేదు.

"ఎప్పుడు ఉతికారమ్మా?"

"నిన్న తెచ్చిన వెంటనే. రక్తం కదా, ఆరనిస్తే పట్టుకుంటుంది. చన్నీళ్ళలో ఉప్పేసి..." అత్తగారి మాట నెమ్మదిగా ఆగింది. ఎదురుగా ఉన్న మొహంలో ఏదో చూసింది. "ఏం? ఉతక్కూడదా?"

లాయరమ్మ చొక్కాను మళ్ళీ మడతపెట్టడం మొదలెట్టింది. మడత సరిగ్గా రాలేదు. కోడలు అందుకుని మడిచింది.

"మీ తప్పేమీ లేదమ్మా," అంది లాయరమ్మ చివరికి. "ఆయన్ని కొట్టారని మనం నోటితో చెబితే, లేదని వాళ్ళు నోటితో చెబుతారు. ఈ చొక్కా అయితే ఎవరి పక్షానా మాట్లాడదు, ఉన్నది చూపిస్తుంది. అందుకని అడిగాను."

అత్తగారు చొక్కాను దగ్గరకు లాక్కుంది. తరవాత ఎవరితోనూ కాకుండా అంది: "వీపు మీద బూటు పాలిషు ఉందమ్మా. అడ్డంగా. మూడుసార్లు రుద్దితే గానీ పోలేదు. బాత్రూములో జారిపడినవాడి వీపుకి పాలిషు ఎక్కడిదా అని చెయ్యి అడుగుతూనే ఉంది. నేనే దాని నోరు మూయించాను. నా చేత్తో నేనే రుద్దేశాను." ఆమె ఏడవలేదు. ఏడిస్తే బావుండుననిపించింది కోడలికి. అత్తగారి రెండు చేతులూ ఒకదాన్నొకటి ఉతుక్కుంటున్నట్టు కదులుతున్నాయి.

గదిలో ఇస్త్రీ పెట్టె చప్పుడు ఒక్కటే మిగిలింది. మామగారు అటు తిరిగి ఒక దిండు కవరును ఇస్త్రీ చేస్తున్నాడు. లాయరమ్మ వచ్చినప్పటినుంచీ అదే కవరు. దానికి అంత అవసరం లేదు.

"ఇంకెవరైనా చూశారా, ఉతక్కముందు?" అంది లాయరమ్మ, పెద్ద ఆశ లేకుండా.

కోడలు కౌంటరు వైపు చూసింది. అక్కడ గుడ్డ అట్ట వేసిన లావుపాటి పుస్తకం ఉంది. ఆ లాండ్రీలో ఒక ఆచారం ఉంది, దాన్ని మామగారు తన తండ్రి దగ్గర నేర్చుకున్నాడు: కౌంటరు మీద పెట్టిన గుడ్డ ఏదైనా సరే, ఉన్న మరకలూ చిరుగులూ పుస్తకంలో ఎక్కకుండా నీళ్ళ ముఖం చూడదు. వచ్చినప్పుడు ఎలా ఉందో రాసుకోకపోతే, రేపు పాత మరక కూడా మన నెత్తికే చుడతారు. ఆయన పెళ్ళినాటి కోటు కూడా నంబరు వేయించుకునే ఉతికించుకుందని ఇంట్లో ఒక హాస్యం.

"మన పండు చొక్కాకీ రాస్తారా," అంది అత్తగారు, కోడలి చూపు పట్టుకుని.

"మామయ్య చేతికి మనవీ పరాయివీ తెలియవు అత్తయ్యా."

పుస్తకం తెరిచింది. మంగళవారం. వేలితో దిగుతూ వచ్చి ఒకచోట ఆగింది. గుండ్రటి అక్షరాలు, ఎక్కడా తొట్రుపాటు లేదు. పైకి చదివింది:

"నాలుగు వేల నూట పదిహేడు. తెల్లచొక్కా, పొడుగు చేతులు. ఎడమ భుజం దగ్గర జానెడు చిరుగు. గుండీలు రెండు లేవు. కాలరు వెనక రక్తం, తాజాది, గుండీ అంత. ఎడమ చేతి మడత దగ్గర రక్తం, మూడు చుక్కలు. వీపున నల్ల పాలిషు, అడ్డంగా, బెత్తెడు వెడల్పు. ఇచ్చినవారు..." ఆమె వేలు చివరి గడి మీదకి జరిగింది. "ఇచ్చినవారు: పండు."

ఇస్త్రీ చప్పుడు ఆగలేదు.

లాయరమ్మ రెండోసారి చదివించుకుంది. మూడోసారి తనే చదువుకుంది. ఆ తరవాత తన ఫైలులోంచి ఒక కాగితం తీసింది. "ఇది ఇవాళ స్టేషనులో నేను అడిగి తెచ్చుకున్న నకలు. మనిషిని అరెస్టు చేస్తే ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్నది రాసి తీరాలి. ఇంట్లోవాళ్ళకి చెప్పాలి. లాయరుని కలవనివ్వాలి. డాక్టరుకి చూపించాలి. ఇరవై నాలుగు గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. చట్టం ఏదీ తక్కువ చెయ్యలేదమ్మాయ్. అన్నీ ఇచ్చినట్టు రసీదు కూడా తీసుకుంటుంది. ఇదే ఆ రసీదు."

"ఏముంది అందులో?"

"మీ ఆయన్ని ఇవాళ, బుధవారం ఉదయం పదకొండు గంటలకి, బస్టాండులో అరెస్టు చేశారని ఉంది."

కోడలు అర్థం కానట్టు చూసింది. తరవాత అర్థమైంది. "బస్టాండులోనా? అక్కడేం చేస్తున్నారట? స్టేషను నించి స్టేషనుకి బస్సు కోసం చూస్తున్నారా?"

"రేపు పదిన్నరకి కోర్టుకి తెస్తారు. ఈ కాగితం లెక్కన ఇరవై మూడున్నర గంటలు. అరగంట ముందే తెచ్చారని మెచ్చుకోవాలి మనం. సోమవారం సాయంత్రం నించి ఇవాళ పదకొండు దాకా ఆయన ఎక్కడా లేడు. ఎక్కడా లేని మనిషిని ఎవరూ కొట్టలేరు కదా." లాయరమ్మ పుస్తకం మీద వేలుంచింది. "అయితే మీ పుస్తకంలో మాత్రం మంగళవారమే ఆయన రక్తం ఉంది. తారీఖుతో, నంబరుతో, కిందా పైనా పరాయివాళ్ళ బట్టల మధ్య. దీన్ని ఇప్పుడు ఎవరూ ఇరికించలేరు."

"అయితే ఇంకేం!" అంది కోడలు. ఆ రెండు మాటల్లో మూడు రోజుల ఊపిరి ఉంది.

లాయరమ్మ మాత్రం సంతోషించలేదు. కాగితాన్ని కోడలి వైపు తిప్పింది. "కింద చూడు. కుటుంబంలోవాళ్ళు ఒకరు సాక్షిగా సంతకం చెయ్యాలి. దాని పైన ఇంకో గడి ఉంది. శరీరం మీద గాయాలు. దాంట్లో 'లేవు' అని రాసి ఉంది."

కోడలు చూసింది. ఆ 'లేవు' ఎవరో గీకిన అక్షరాలు. కానీ దాని కింద సంతకం గుండ్రంగా ఉంది. చివరి అక్షరం తోక పైకి తిరిగి ఉంది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన ఎనిమిదేళ్ళుగా ప్రతి చీటీ మీదా చూస్తున్న తోక.

"మామయ్యా," అంది.

ఇస్త్రీ పెట్టె బల్ల చివర నిలబడింది.

"ఇవాళ పొద్దున దారం రీళ్ళకని బజారు వెళ్ళారు కదా మీరు."

మామగారు వెనక్కి తిరిగాడు. మనిషి పొద్దుటికీ ఇప్పటికీ కాస్త కుంచించుకుపోయినట్టున్నాడు. "ఫోను చేశారు," అన్నాడు. "వెళ్ళాను. కుర్చీ వేశారు. ముప్ఫై ఏళ్ళుగా వాళ్ళ యూనిఫారాలు ఉతుకుతున్నాం, ఒక్కనాడు కూర్చోమన్న పాపాన పోలేదు. ఇవాళ కుర్చీ వేశారు. అప్పుడే నాకు తెలియాల్సింది."

"చదవకుండా పెట్టారా?"

"చదివే పెట్టాను."

"తారీఖు చూశారా?"

"చూశాను. తప్పుందండీ అన్నాను. అది మాకు మామూలేలే పెద్దాయనా అన్నాడు ఇన్‌స్పెక్టరు."

"మరి ఈ 'లేవు'? ఇదీ చదివారా?" కోడలి గొంతు లేచింది. ఆ ఇంట్లో ఆమె గొంతు లేవడం అదే మొదలు. "నిన్న మధ్యాహ్నం మీ చేత్తోనే రాశారు కదా మామయ్యా! గుండీ అంత రక్తమని కొలిచి రాశారు! ఎవరో అనామకుడి ప్యాంటు మీద ఉన్న టీ మరక రాయకుండా వదలరే, మీ కొడుకు ఒంటి మీద ఏమీ లేదని ఎలా సంతకం పెట్టారు?"

"అమ్మాయ్," అంది అత్తగారు, వారిస్తున్నట్టు. కానీ ఆమె కళ్ళు కూడా అదే అడుగుతున్నాయి.

మామగారు చేతిలోని దిండు కవరును బల్ల మీద పెట్టాడు.

"తలుపు తీసి చూపించారు," అన్నాడు. "నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. కుడిచేత్తో ఆనుకుని లేవాలని చూశాడు, ఆ చెయ్యి పనిచెయ్యలేదు. ఎడంచేత్తో గోడ పట్టుకున్నాడు. అప్పుడు తలుపేసేశారు. 'పెద్దాయనా, మీరు సంతకం పెడితే వాడు కాగితం మీదకి వస్తాడు, రేపు కోర్టుకి వస్తాడు. పెట్టలేదనుకోండి, వాడింకా మా దగ్గరకి రానట్టే లెక్క. రాని మనిషికి ఏమైనా మాకేం సంబంధం?' అన్నాడు ఇన్‌స్పెక్టరు. అంతే అన్నాడు. గొంతు కూడా పెంచలేదు."

కోడలు ఆ కాగితాన్ని బోర్లా తిప్పింది.

"పెట్టాను," అన్నాడు మామగారు. "ఏం చెయ్యమంటారు? పెట్టాను."

"వాణ్ణి చూసొచ్చి నాకు చెప్పలేదే మీరు!" అంది అత్తగారు.

"చెబితే ఏం చేస్తావు? ఇంకో చొక్కా ఉతుకుతావు."

అన్న మరుక్షణమే ఆయన మొహం వాడిపోయింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ ఇద్దరూ ఎన్నో అనుకుని ఉంటారు. ఆ మాట మాత్రం వాటన్నిటికీ అవతల పడింది. అత్తగారు లేచి, పెరటి కొళాయి దగ్గరకు వెళ్ళి, నీళ్ళు తిప్పి, చేతులు కింద పెట్టి నిలబడింది. లోపలికి నీళ్ళ చప్పుడు వస్తూనే ఉంది.

లాయరమ్మ గొంతు తగ్గించింది. "పెద్దాయనా, మిమ్మల్ని తప్పు పట్టే మనిషి ఈ గదిలో లేదు. కానీ సంగతి చెప్పాలి. రేపు ఈ పుస్తకం నేను చూపిస్తే మేజిస్ట్రేటు రెండు ప్రశ్నలడుగుతారు. ఇది రాసిందెవరు, ఆ సంతకం ఎవరిది. రెండూ మీరే. రెండింట్లో ఒకటి అబద్ధం. ఏది అబద్ధమో మీరే చెప్పాలి. తెలిసీ దొంగ సాక్ష్యం సంతకం పెట్టారని మీ మీద కేసు పెట్టొచ్చు. పెడతారు కూడా. ఇన్‌స్పెక్టరుకి అంతకన్నా సులువు దారి లేదు."

"చూపించకపోతే?" అంది కోడలు.

"మీ ఆయన నేరం ఒప్పుకున్నట్టు ఇంకో కాగితం తయారుగా ఉంది. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో రేపెప్పుడో నిలబడదు, అది వేరే సంగతి. రేపటికి మాత్రం, గాజులు ఎక్కడ దాచాడో చెప్పించాలి, ఇంకో వారం మాకివ్వండి అంటారు. ఈ కాగితం మీద అన్నీ సక్రమంగా ఉన్నాయి. ఇచ్చేస్తారు."

నీళ్ళ చప్పుడు ఆగింది. అత్తగారు తడిచేతులతో గుమ్మంలో నిలబడి ఉంది. "రెండు కళ్ళలో ఏది ఉంచమంటారో కూడా మీరే చెప్పండమ్మా," అంది.

లాయరమ్మ లేచింది. గొడుగు తీసుకుంది. "పుస్తకం తెచ్చేదీ మానేదీ మీ ఇష్టం. రేపు పదింటికి వరండాలో ఉంటాను."

ఆమె వెళ్ళాక మామగారు ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకేశాడు. సాయంత్రం ఐదు కూడా కాకుండానే తలుపులు వేసేశాడు. బట్టల కోసం వచ్చిన ఇద్దరు, ఎవరో పోయారనుకుని, అడక్కుండానే వెనక్కి మళ్ళారు.

*

కోర్టు వరండాలో బెంచీలు గోడకు ఆనించి ఉన్నాయి. వాటి మీద కూర్చున్నవాళ్ళందరి తలలూ ఆనిన చోట గోడకు ఒక జిడ్డు గీత, ఒకే ఎత్తున బారుగా. ఇంకో రోజయితే ఆ గీతను ఏ సబ్బు వదిలిస్తుందో అత్తగారు చెప్పి ఉండేది. ఇవాళ దానికి తల ఆనించి కూర్చుంది. పక్కన మామగారు, నిటారుగా. కోడలి ఒళ్ళో తువ్వాలు చుట్టిన పుస్తకం. తెచ్చింది ఆమే. తేవద్దని మామగారు అనలేదు, తెమ్మనీ అనలేదు. పొద్దున కౌంటరు మీద తువ్వాలు మాత్రం ఎవరో మడిచి పెట్టి ఉంచారు.

పదీ ఇరవైకి పండును తెచ్చారు. నీలం చొక్కా నలిగిపోయి ఉంది. కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు, అలవాటు లేని షోకు. కోడల్ని చూసి నవ్వబోయాడు. పెదవి ఒక పక్కనే నవ్వింది.

"నా కక్షిదారుతో మాట్లాడాలి," అంది లాయరమ్మ.

"రెండు నిమిషాలు," అన్నాడు ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకుని. అడుగు దూరంలోనే నిలబడ్డాడు.

"మీరు వినబడనంత దూరం జరగాలి. అది కూడా ఆయన హక్కే."

ఇన్‌స్పెక్టరు రెండడుగులు జరిగాడు, ముష్టి వేసినట్టు.

లాయరమ్మ పుస్తకం సంగతి చెప్పగానే పండు గబగబా అందుకున్నాడు. చెప్పినంతసేపూ తండ్రి వైపు చూడలేదు. "నాన్న సంతకం నాకు చూపించారండీ. నేను నోరు విప్పితే దొంగ సాక్ష్యం కింద ఆయన్నీ లోపలేస్తామన్నారు. నేనున్న గదిలోనేనట. ఆయనకి బీపీ ఉంది, మెట్లెక్కితేనే ఆయాసం. నేను తట్టుకుంటాను, ఆయన తట్టుకోలేడు. పుస్తకం గిస్తకం ఏమీ వద్దు. నేను జారిపడ్డాను, అంతే."

"బాబూ, ఇంకో వారం..."

"ఆరడుగులున్నాను కదండీ. సరిపోతుంది."

లోపల మేజిస్ట్రేటు జలుబుతో ఉన్నాడు. సన్నటి మనిషి, కాగితాల వెనక సగం మునిగిపోయి, మధ్యమధ్యన రుమాలుతో ముక్కు తుడుచుకుంటున్నాడు. అరెస్టు కాగితం చదివాడు. తలెత్తి పండును చూశాడు.

"నిన్నెప్పుడు పట్టుకున్నారు?"

"నిన్న పదకొండుకండి. బస్టాండులో."

"పోలీసులు కొట్టారా? భయపడకు. చెప్పొచ్చు."

పండు వెనక ఇన్‌స్పెక్టరు ఉన్నాడు, ఆయన పక్కన కానిస్టేబులు. భయపడకు అనడం తేలికే. అనేవాడు ఎదురుగా ఉంటాడు, భయపెట్టేవాడు వీపు వెనక ఉంటాడు.

"లేదండి. జారిపడ్డాను."

కోడలు కళ్ళు మూసుకుంది. పెన్ను కాగితం మీద కదులుతున్న చప్పుడు వినబడింది. ఆ చప్పుడు పూర్తయితే ఇంకో వారం. ఆమె లేచి నిలబడింది. కోర్టులో ఎప్పుడు లేవాలో, ఎప్పుడు లేవకూడదో ఆమెకు తెలియదు. లేచి, తువ్వాలు విప్పి, పుస్తకాన్ని లాయరమ్మ చేతిలో పెట్టింది.

"అయ్యా, ఇది ఒక్కసారి చూడాలి," అంది లాయరమ్మ. రెండు వాక్యాల్లో సంగతి చెప్పింది.

"ఇంట్లో రాసుకున్న పుస్తకమండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు నవ్వుతూ. "కూర్చుని ఏదైనా రాసుకోవచ్చు. లాండ్రీ చీటీలు చూసి కేసులు తేల్చుకుంటే ఇక మేమెందుకండీ?"

మేజిస్ట్రేటు పుస్తకం దగ్గరకు లాక్కున్నాడు. ఆ నాలుగు వేల నూట పదిహేడో నంబరు చదివాడు. చదువుతూ ఉంటే కనుబొమలు దగ్గరకు వచ్చాయి. అక్కడితో ఆగక కిందకు కూడా వెళ్ళాడు. పద్దెనిమిదో నంబరు దగ్గర ఆగిపోయాడు. అందులో ఇలా ఉంది: నల్లకోటు. లోపలి జేబు అడుగున సిరా మరక, పాతది. పోదని ముందే చెప్పడమైనది. పక్కన అదే మంగళవారం తారీఖుతో కోర్టు బంట్రోతు సంతకం.

ఆయన ఎడమచెయ్యి తనకు తెలియకుండానే కోటు లోపలికి వెళ్ళి, జేబు అడుగును తడిమి వచ్చింది.

"పోతుందన్నాడే మావాడు," అని గొణిగి, వెంటనే దగ్గాడు. తరవాత ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఈసారి జలుబు చేసిన మనిషిలా చూడలేదు. "ఇది కూర్చుని రాసుకున్న పుస్తకం కాదులెండి. రాసిందెవరు?"

మామగారు బెంచీ మీదినుంచి లేచాడు.

"నాన్నా, కూర్చో," అన్నాడు పండు.

మామగారు కూర్చోలేదు. నడిచి వచ్చి బోను పక్కన నిలబడ్డాడు. తండ్రీ కొడుకుల మధ్య జానెడు కర్ర అడ్డూ, మూడు రోజులూ ఉన్నాయి.

"రాసింది నేనేనండి."

"ఈ అరెస్టు కాగితం మీద సంతకం?"

"అదీ నాదేనండి."

మేజిస్ట్రేటు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "పెద్దాయనా, నేను తరవాత అడగబోయే దానికి మీరు చెప్పే జవాబు మీ మీదకే కేసుగా తిరగొచ్చు. చెప్పి తీరాలని మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టలేరు. నేను కూడా పెట్టలేను. ముందు మీరూ ఒక లాయరుతో మాట్లాడుకోవచ్చు. నోరు విప్పకుండా ఉండే హక్కు మీకుంది. అర్థమైందా?"

"అర్థమైందండి," అన్నాడు మామగారు. "ఆ హక్కు నిన్న పొద్దుట్నించీ వాడుకుంటూనే ఉన్నాను. ఇక చాలు."

అత్తగారు బెంచీ అంచు పట్టుకుంది.

"నా కొడుకుని సోమవారం సాయంత్రం ఆరింటికి నా కొట్లోంచి తీసుకెళ్ళారు. నిన్న నేను చూసినప్పుడు వాడికి కుడిచెయ్యి లేవడం లేదు. చూశాకే సంతకం పెట్టాను. గాయాలు లేవని ఉన్నచోట పెట్టాను. పుస్తకంలో ఉన్నది నిజం. కాగితం మీదది అబద్ధం. రెండూ నా చేతివే."

"అయ్యా, ఆయన భయంతో..." లాయరమ్మ లేచింది.

"తెలుస్తోంది, కూర్చోండి." మేజిస్ట్రేటు అంతదాకా రాసిన కాగితాన్ని పక్కకు జరిపి, కొత్త కాగితం తీసుకున్నాడు. "డాక్టరుకి కబురు పెట్టండి. ఇన్‌స్పెక్టరుగారూ, మీరు ఇక్కడే ఉండండి." అని పండు వైపు తిరిగాడు. ఇందాకటి గొంతు కాదు, ఇంటిపెద్ద గొంతు. "చూడు బాబూ. జారిపడ్డానని చెప్పావు. అదే నీ మాట అయితే, మీ నాన్న ఇప్పుడు చెప్పింది అబద్ధమవుతుంది. ఇంకొక్కసారే అడుగుతాను. సోమవారం నించి నువ్వెక్కడున్నావు? నిన్ను ఎవరు ముట్టుకున్నారు?"

ఇన్‌స్పెక్టరు తల కొంచెమే కదిలింది, కుడివైపుకు. కానిస్టేబులు పండు వెనకనుంచి కదిలి, తాపీగా నడిచి, మామగారి వెనకకు వచ్చి నిలబడ్డాడు. పెద్దాయన తూలకుండా ఆసరా ఇస్తున్నవాడిలా, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

కోడలికి అది మామూలు చెయ్యిలాగే కనబడింది. లాయరమ్మ దాన్ని గమనించనే లేదు.

పండు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయి, తండ్రి భుజం మీద ఉన్న ఆ చేతినే చూస్తున్నాడు. పోలీసులిద్దరూ కాక, స్టేషనులో ఆ చెయ్యి చేసిన పని తెలిసినవాడు ఈ గదిలో అతనొక్కడే.